పండుగనాటి చీరలు, దుప్పట్లు దాటి మా సంఘం అవసరంలో ఉన్నవారికి ఏమి చేయగలదు?

ప్రశ్న: సంఘ కోశాధికారి, పల్నాడు

ప్రభువు నామమున అందరికీ వందనములు. పల్నాడులోని ఒక చిన్న పట్టణంలో ఉన్న మా సంఘానికి ఈ ఏడాది నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. మాది 140 కుటుంబాల సంఘం. వీరిలో ఎక్కువమంది కూలికి వెళ్లేవారు, పొలం కౌలుకు తీసుకుని మిర్చి, పత్తి వేసేవారు. ఉద్యోగస్తుల కుటుంబాలు ఇరవైకి మించవు. ఆదివారపు కానుకలు, కోత పండుగ వేలంలో వచ్చిన సొమ్ము, దశమభాగాలు అన్నీ కలిపి సంఘం ఖర్చులు పోగా, పేదల సహాయానికని ఏటా 90,000 రూపాయల దాకా మిగులుతుంది. ఇంతకాలం ఆ సొమ్మంతా డిసెంబరులో ఒక్క సాయంత్రం ఖర్చయిపోయేది. వేదిక మీద అతిథులు కూర్చుంటారు, పేర్లు పిలుస్తారు, ఒక్కొక్కరే వచ్చి చీర గానీ దుప్పటి గానీ అందుకుంటారు, ఫొటో తీస్తారు.

కిందటి క్రిస్మస్‌కు జరిగిన ఒక సంగతి వల్లనే ఈ ప్రశ్న అడుగుతున్నాను. మా వీధిలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడను నేనే స్వయంగా పిలిచాను. ఆవిడ మా సంఘస్థురాలు కాదు. చీర తీసుకుని వెళ్లిన ఆవిడ మరునాడు పొద్దున్నే మడత కూడా విప్పకుండా దానిని మా ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టారు. "బాబూ, చీర బాగానే ఉంది. కానీ నా ఫొటో ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. ఒంగోలులో ఉన్న మా అబ్బాయి చూసి రాత్రి అన్నం తినలేదట" అన్నారు. ఆ మాట విన్నాక, ఈ సంవత్సరం కూడా అదే పని చేయడానికి నాకు మనస్సు ఒప్పడం లేదు.

అవసరంలో ఉన్నవారు ఎవరో మాకు ఎలా తెలుస్తుంది? మా సంఘంవారికే చేయాలా, ఊరందరికీ చేయాలా? సహాయం పేరుతో మతం మారుస్తున్నారనే అనుమానానికి తావు లేకుండా ఎలా నడుచుకోవాలి? ఇంత కొద్ది సొమ్ముతో ఏడాది పొడవునా నిలిచే పని ఏదైనా ఉన్నదా? మీ సంఘాలలో జరుగుతున్నది, మీరు చూసినది చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, ఒంగోలు

సహోదరా, మీరు అడిగిన అనుమానం సంగతి మా ఊరికి కొత్తది కాదు. దాదాపు 150 సంవత్సరాల క్రితం ఒంగోలు బాప్టిస్టు మిషనుకు ఎదురైన ప్రశ్న అదే, దానికి వారు ఇచ్చిన జవాబు ఈనాటికీ చదువుకోదగినది.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని పట్టి పీడించిన కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పటికి పది సంవత్సరాలుగా ఒంగోలులో ఉంటున్న అమెరికా మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆకలితో మిషను ఆవరణకు వస్తున్న వందలమందిని చూసి, కేవలం గంజి పోసి పంపడంతో సరిపెట్టుకోలేదు. కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషను పనికి రాకముందు ఆయన సర్వేయరుగా పని చేసినవారు కాబట్టి కొలతలు, మట్టి లెక్కలు ఆయనకు తెలుసు. తవ్వడానికి వచ్చినవారిలో అధికభాగం మాదిగలు. ఇతర చోట్ల మేస్త్రీలు వారిని తిట్టి, కూలిలో కోత పెట్టి పంపేవారు. ఈ భాగంలో మాత్రం వారిలోనుంచే వచ్చిన ప్రసంగీకులు మేస్త్రీలుగా నిలబడి, చేసిన పనికి రావలసిన కూలిని చేతిలో పెట్టించారు. అన్నం దొరకడం ఎంత ముఖ్యమో, దానిని ఎవరి చేతి మీదుగా, ఏ మాటతో అందుకుంటున్నామన్నది కూడా అంతే ముఖ్యమని ఆ కాలువగట్టు మీద పనిచేసినవారికి తెలిసి ఉంటుంది.

అసలు సంగతి ఆ తరువాత జరిగినది. కరువు సాగినంతకాలం బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు, క్లౌ ఇవ్వకుండా ఆపుతూనే వచ్చారు. తిండి కోసం వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో ఆకలి రోజుల్లో తేల్చడం సాధ్యం కాదని, కూలి పనులు ముగిసి సహాయధనం పంచడం ఆగిపోయేదాకా ఎవరినీ చేర్చుకోరాదని ఆయన అభిప్రాయం. సహాయం ఆగిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మా సంఘాలు ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాయి గాని, దానికి ముందు నెలల తరబడి తలుపు మూసి ఉంచిన సంగతిని అంతగా చెప్పుకోవు. నా దృష్టిలో ఆ నెలలే గొప్పవి.

కాబట్టి మీ సంఘం ఒక నియమం రాసుకోవచ్చు. సహాయం జరిగే చోట ప్రసంగం ఉండదు, సహాయం పొందుతున్న కుటుంబాన్ని ఆ కాలంలో సభ్యత్వం గురించి ఎవరూ అడగరు. రెండవ మాట కూలి గురించి. మిర్చి కోతలు ముగిసిన తరువాత, వేసవిలో మీ దగ్గర పనులు ఉండవని నాకు తెలుసు. గుడికి సున్నం వేయించడం, సమాధుల దొడ్డిలో కంప కొట్టించడం, ప్రహరీ మరమ్మతు వంటి పనులన్నీ మే, జూన్ నెలలకు అట్టిపెట్టి, ఊరిలో పని దొరకనివారికి, వారు ఏ మతంవారైనా సరే, పూర్తి కూలి ఇచ్చి చేయించండి. వేదిక మీద దుప్పటి అందుకోవడానికి ఇష్టపడని మనిషి తన చెమటకు వచ్చిన కూలిని సంతోషంగా తీసుకుంటాడు.

జవాబు 2: సంఘ పెద్ద, పశ్చిమ గోదావరి

పైన పెద్దలు రాసినదాని మీద నాకు గౌరవం ఉంది. అయినా 90,000 రూపాయలతో ఊరంతటినీ ఆదుకోబోతే ఎవరికీ సరిపోదు. మా సంఘంలో ఇంటి పెద్ద చనిపోతే శవపెట్టె ఖర్చుకు కూడా అప్పు చేసే కుటుంబాలు ఉన్నాయి. కానుక వేసినవాడే ఆపదలో ఉన్నప్పుడు సంఘం అతని ఇంటికి వెళ్లకపోతే, బయటివారికి చేసిన మేలు అతనికి గాయంగానే మిగులుతుంది. విశ్వాస గృహానికి చేరినవారికి, అంటే తోటి విశ్వాసులకు, విశేషంగా మేలు చేయాలని అపొస్తలుడైన పౌలు రాసినది అందుకేనని నా నమ్మకం. మొదట సంఘంలోని వితంతువులు, మంచాన పడినవారు, ఫీజు కట్టలేక చదువు మానేసే పిల్లలు, మిగిలితే ఊరికి. ఇది స్వార్థమని నేను అనుకోను.

జవాబు 3: విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు

అందరికీ వందనములు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రులలో పనిచేశాను. అమెరికా మిషనరీ డాక్టరు అన్నా సారా కుగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో లూథరన్ మిషను ఆసుపత్రిని ప్రారంభించిన ఊరు మాది. అంత పెద్ద పని ఈనాడు ఒక చిన్న సంఘం తలపెట్టలేదు, తలపెట్టనవసరం కూడా లేదు. మందులు, డాక్టరు ఇప్పుడు చాలావరకు ప్రభుత్వంవైపు నుంచి అందుతున్నాయి. అందనిది, మందు వేసుకున్న తరువాత కావలసిన తిండి, తోడు.

మీరు అడిగిన కొద్ది సొమ్ముకు, ఏడాది పొడవునా నిలిచే పనికి క్షయ రోగుల సేవ సరిగ్గా సరిపోతుంది. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మందులు ఉచితం. పోషకాహారానికని ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచింది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి పని మాని ఇంట్లో కూర్చుంటే ఆ వెయ్యితో ఇల్లు గడవదు కదా. రెండో నెలకు దగ్గు తగ్గుతుంది, బలం వచ్చినట్లు అనిపిస్తుంది, కూలికి వెళ్లిపోతాడు, మాత్రలు ఆపేస్తాడు. తిరిగి వచ్చేటప్పటికి జబ్బు మొండిది అయి ఉంటుంది. ఇలా వెనక్కి వచ్చినవారిని నేను ఎందరినో చూశాను, వారిలో కొందరు ఇప్పుడు లేరు.

2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు కింద వ్యక్తులు గానీ, సంఘాలు గానీ పేరు నమోదు చేసుకుని కొందరు రోగులకు నెలనెలా ఆహారపు సంచి ఇవ్వవచ్చు. పెద్దవారికి నెలకు మూడు కిలోల బియ్యమో చిరుధాన్యాలో, కిలోన్నర పప్పు, పావు కిలో నూనె, ఒక కిలో పాలపొడి లేదా వేరుశనగ గుళ్లు ఇవ్వాలని, వీలైతే ముప్పై గుడ్లు కలపాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) అడిగితే ఎవరిని కలవాలో చెబుతారు. సహాయం తీసుకోవడానికి ఒప్పుకున్న రోగుల వివరాలే మీకు ఇస్తారు. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, రోగి ఇంట్లోవారికి కూడా ఆహారం అందించినప్పుడు ఆ కుటుంబాలలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గినట్లు తేలింది. అంటే ఆ సంచిలోని పప్పు మందుతో సమానంగా పని చేస్తుందన్నమాట. రోగికి ఒక్కడికే కాకుండా ఇంటిల్లిపాదికీ సరిపడేలా సంచిని కాస్త పెద్దది చేయమని నేను అడుగుతాను.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇది నలుగురికీ తెలిస్తే సంబంధాలు చెడిపోయే జబ్బు. ఆడపిల్ల అయితే మరీను. సంచి మీద సంఘం పేరు అచ్చు వేయించకండి. యౌవనస్థులు గుంపుగా వెళ్లకండి. ఒక్కరే, వీలైతే ఎప్పుడూ ఆ ఒక్కరే వెళ్లాలి. మాత్రలు ఎన్ని మిగిలాయో అడగాలి, ఒళ్లు తూచుకున్నారా అని అడగాలి, కాసేపు కూర్చుని రావాలి. ప్రార్థన చేయమని వారు కోరితే చేయండి, కోరకపోతే ఇంటికి వచ్చి వారి పేరు పెట్టి చేసుకోండి. నలుగురైదుగురు రోగులను ఆరేసి నెలల చొప్పున తీసుకుంటే, మీ 90,000లో సగానికి లోపే ఏడాది గడుస్తుంది.

జవాబు 4: స్త్రీల సమాజం కార్యదర్శి, డోర్నకల్ ప్రాంతం

పశ్చిమ గోదావరి పెద్దగారికి నా మనవి. మీరు చెప్పిన బాధ నిజమే, మా సంఘంలోనూ ఉంది. అయితే పౌలు ఆ మాటకు ముందు 'అందరికీ' అన్నారు, తరువాత 'విశేషంగా' అన్నారు. రెండూ పాటించే దారి మా ప్రాంతంలో పూర్వం నుంచి ఉంది, అది పిడికెడు బియ్యం.

1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి అధ్యక్ష మండలం (డయోసీస్) మాది. కూలి చేసుకునే పేద సంఘస్థులు కూడా ఇచ్చేవారిగా ఉండాలని ఆయన పట్టుబట్టేవారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆ కుండను ఆదివారం గుడికి తేవడం మా అమ్మమ్మ కాలానికే అలవాటు. దూరాన మిజోరంలో కూడా 1910 నుంచి ఇదే ఆచారం సాగుతున్నదని విన్నప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఇది బియ్యం కూడబెట్టే ఉపాయం మాత్రమే కాదు. రోజుకు రెండుసార్లు పొయ్యి ముందు నిలబడి తన ఇంట్లో లేని ఒక మనిషి ఆకలిని తలచుకున్న స్త్రీ, వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో తప్పక గమనిస్తుంది. అవసరంలో ఉన్నవారు ఎవరో ఎలా తెలుస్తుందని కోశాధికారిగారు అడిగారు. కమిటీలో కూర్చున్న మగవారికి తెలియదు, బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడే ఆడవారికి తెలుసు.

యెరూషలేములోని తొలి సంఘంలో కూడా ఇదే చిక్కు వచ్చింది. అనుదిన పరిచర్యలో తమ వితంతువులను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును తప్పు పట్టలేదు, ఏడుగురిని ఏర్పాటు చేశారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వారివైపు మనుషుల చేతికే పంపకాన్ని అప్పగించినట్లు కనబడుతోంది. మీ సహాయ కమిటీలో ఇప్పుడు ఎవరున్నారో చూసుకోండి. ఉద్యోగస్తులు, పాస్టరు అయ్యగారు, దాతలు మాత్రమే ఉంటే సరిపోదు. ఇద్దరు వితంతువులను, ఒక కౌలు రైతు భార్యను కూర్చోబెట్టండి. ఎంత ఇవ్వాలో కూడా వారినే చెప్పనివ్వండి. మా కమిటీలో అలా చేసిన మొదటి నెలలోనే, మేము ఎన్నడూ తొక్కని నాలుగు గడపలు తెలిశాయి. వాటిలో మూడు మా సంఘంవారివే. పెద్దగారు చెప్పిన సంఘస్థుల బాధ కూడా అప్పుడే బయటపడింది.

జవాబు 5: ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, నిజామాబాద్

నమస్కారం. నేను క్రైస్తవుడిని కాను, అయినా మా జిల్లా సంగతి ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది. డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు వైద్యాలయాన్ని వెస్లియన్ మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ స్థాపించారు. ఆ రోగులను ఊరి పొలిమేరలోకి కూడా రానివ్వని రోజులవి. ఆ కట్టడాలకు పెద్ద విరాళం ఇచ్చినవారు నర్సా గౌడ్ గారు, ఆయన హిందువు. వైద్యం చేసిన చేతులు ఒకరివి, నిలబెట్టిన సొమ్ము మరొకరిది కావడం వల్ల దానిని ఊరివారు తమ ఆసుపత్రి అనుకోగలిగారు. ఒకప్పుడు మా పక్క జిల్లాగా ఉన్న మెదక్‌లోని చర్చి కూడా అంతే. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టి పదేళ్లపాటు కట్టించిన ఆ గుడి గురించి మా పెద్దలు చెప్పేటప్పుడు, దాని 175 అడుగుల గోపురం కంటే ముందు, కరువులో పని ఇచ్చి అన్నం పెట్టిన సంగతే చెప్పేవారు.

అనుమానం గురించి అడిగారు కాబట్టి బయటివాడిగా ఒక మాట. మీరు ఒంటరిగా చేసినప్పుడు అనుమానం వస్తుంది. క్షయ రోగుల సంచి విషయంలో ఆశా కార్యకర్తను, ఊరిలోని మరొక మతంవారిని ఒకరిద్దరిని కలుపుకోండి. లెక్కల పుస్తకం అడిగినవారికి చూపించండి, పేర్లకు బదులు సంఖ్యలు వేసి. ఫొటో గురించి కూడా చెప్పాలి. దుప్పటి కోసం వచ్చిన మనిషిని ఒక మత కార్యక్రమంలో ఫొటో తీసి పంచినప్పుడు, ఆ మనిషి ఏ మతంలో ఉన్నాడని చుట్టాలు, పొరుగువారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది ఆ మనిషే. ఆ పెద్దావిడ కుమారుడు అన్నం తినకపోవడంలో ఇది కూడా ఉండవచ్చు.

జవాబు 6: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

వందనములు. ఇటువంటి పనులకు ఇక్కడి తెలుగువారు సొమ్ము పంపుతామని ముందుకు వస్తారు, అందుకే కోశాధికారిగారికి ఒక హెచ్చరిక. భారత పౌరుడిగానే ఉంటూ విదేశంలో పనిచేస్తున్న వ్యక్తి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, వారికి ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా, పంపినది మాత్రం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దానిని తీసుకోరాదు. పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడానికి మొహమాటపడకండి. నా అభిప్రాయంలో మీ 90,000తోనే మొదలుపెట్టడం మేలు. దూరం నుంచి వచ్చే సొమ్ము ఒక ఏడాది వస్తుంది, మరొక ఏడాది రాదు, ఆరు నెలల సంచి మాత్రం ఆరు నెలలూ వెళ్లాలి.

ప్రశ్న అడిగిన కోశాధికారి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ నా కృతజ్ఞతలు. మీ జవాబులను కాగితం మీద రాసుకుని కిందటి ఆదివారం ఆరాధన తరువాత కమిటీ ముందు చదివాను. వాదన జరిగింది. దాతలు నొచ్చుకుంటారని కొందరు, క్రిస్మస్‌కు ఏమీ పంచకపోతే ఊరు ఏమనుకుంటుందని కొందరు అన్నారు. చివరకు ఈ డిసెంబరులో వేదిక, ఫొటోలు ఉండవని, దుప్పట్లు కావలసినవారికి ముందుగానే ఇళ్ల వద్ద ఇవ్వాలని ఒప్పుకున్నారు. సొమ్ములో 40,000 క్షయ రోగుల ఆహారానికి, 25,000 మే, జూన్ నెలల కూలి పనులకు కేటాయించాము. మిగిలిన 25,000ను పశ్చిమ గోదావరి పెద్దగారు చెప్పినట్లు సంఘంలోని మరణాలకు, జబ్బులకు అట్టిపెట్టాము. సహాయ కమిటీలోకి ముగ్గురు స్త్రీలు వచ్చారు, వారిలో ఇద్దరు వితంతువులు. పిడికెడు బియ్యం కుండలను స్త్రీల సమాజంవారు వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి పెట్టబోతున్నారు.

ఒంగోలు అధ్యాపకులు చెప్పిన నియమాన్ని తీర్మానాల పుస్తకంలో రాయించాను. దానికి ఇద్దరు అభ్యంతరం చెప్పారు. సువార్త చెప్పకుండా చేసే సేవ సంఘం సేవ ఎలా అవుతుందని వారి ప్రశ్న. ఆ ఇద్దరూ భక్తిపరులు, వారి మాటను నేను తేలికగా తీసుకోలేను. దాని మీద మళ్లీ కూర్చోవలసి ఉంది.

చీర తిరిగి ఇచ్చిన పెద్దావిడ ఇంటికి సోమవారం వెళ్లి క్షమించమని అడిగాను. ఫొటోను ఫోన్లలోని గుంపులోనుంచి తీయించినట్లు చెప్పి, మీకు నిజంగా కావలసినది ఏమిటని అడిగాను. కుడి కంట్లో శుక్లం ముదిరిందని, ఆపరేషను ఉచితంగానే చేస్తారు గాని ఆసుపత్రికి తీసుకుని వెళ్లి ఆ రాత్రి తోడు ఉండేవారు లేక రెండేళ్లుగా వాయిదా వేస్తున్నానని చెప్పారు. కుళాయి దగ్గర ఆవిడను రోజూ చూసే మా స్త్రీల సమాజంవారికి ఈ సంగతి ముందే తెలుసట, కమిటీ ఎన్నడూ వారిని అడగలేదు. వారిలో ఇద్దరు ఈ గురువారం ఆవిడతో కలిసి వెళుతున్నారు.